కేసు గెలిచి బడి పోగొట్టుకున్న ఊరు

అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రానికి తూర్పు సరిహద్దు మిసిసిపీ నది. ఆ నది ఒడ్డునే ఫిలిప్స్ కౌంటీ, దానికి ముఖ్యపట్నం హెలెనా. హెలెనాకు దక్షిణంగా పొలాల మధ్య లేక్‌వ్యూ అనే చిన్న ఊరుంది. 2000 జనాభా లెక్కల్లో అక్కడున్నది 531 మంది. 1930లలో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం నల్లజాతి కౌలురైతులకు భూమి, ఇల్లు చూపించి స్థిరపరచిన ఊళ్లలో ఇదొకటి. ఇంత చిన్న ఊరికీ సొంత స్కూల్ డిస్ట్రిక్ట్ ఉండేది. లేక్‌వ్యూ స్కూల్ డిస్ట్రిక్ట్ నంబర్ 25 అని దాని పేరు. 1992లో అది రాష్ట్ర ప్రభుత్వాన్ని కోర్టుకీడ్చింది. పదేళ్లు పోరాడి 2002లో గెలిచింది. 2004లో రద్దయిపోయింది. రద్దుకు దారి తీసింది ఆ గెలుపే.

చిన్న పల్లె డిస్ట్రిక్ట్‌ను దాని రాష్ట్రంతో పోల్చడం అమెరికాలో ఏటా జరిగే తంతు. ప్రతి రాష్ట్రమూ తన బడుల మీద రిపోర్టు కార్డు విడుదల చేస్తుంది. ఒక వరుసలో డిస్ట్రిక్ట్ అంకె, పక్కన రాష్ట్ర సగటు. ఇల్లు కొనాలనుకునేవారు, పత్రికలవారు, శాసనసభ్యులు అందరూ చూసేది ఆ రెండు వరుసలనే. వాటి మధ్య తేడా ఎక్కడ పుడుతుంది, దాన్ని ఎలా కొలవాలి, కొలిచాక ప్రభుత్వాలు ఏం చేస్తాయి అన్నవి తెలుసుకోవడానికి లేక్‌వ్యూ కంటే మంచి ఉదాహరణ దొరకదు.

సొంత బోర్డు, సొంత పన్ను

తెలుగు రాష్ట్రాల్లో సర్కారు బడి టీచరు డీఎస్సీ రాసి వస్తారు, జీతం రాష్ట్ర ఖజానా నుంచి అందుకుంటారు, కౌన్సెలింగ్‌లో బదిలీ అవుతారు. శ్రీకాకుళంలో అయినా సంగారెడ్డిలో అయినా ఆయా రాష్ట్రాల్లో జీతాల స్కేలు ఒక్కటే. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ చాలా రాష్ట్రాల్లో స్కూల్ డిస్ట్రిక్ట్ అనేది పంచాయతీలాగా సొంతంగా నిలబడే స్థానిక ప్రభుత్వం. దానికి జనం ఓటేసి ఎన్నుకున్న బోర్డు ఉంటుంది. ఆ బోర్డు సూపరింటెండెంట్‌ను నియమిస్తుంది, టీచర్లను తీసుకుంటుంది, జీతాలు నిర్ణయిస్తుంది, బస్సులు నడుపుతుంది. ఇళ్లమీద, భూములమీద పన్ను కూడా వేస్తుంది.

ఈ పన్నును అక్కడ ‘మిల్లు’ల్లో లెక్కిస్తారు. ఒక మిల్లు అంటే వెయ్యి డాలర్ల విలువకు ఒక డాలరు. ఆర్కాన్సాలో ఆస్తి మార్కెట్ విలువలో 20 శాతాన్నే పన్ను లెక్కకు తీసుకుంటారు. లక్ష డాలర్ల ఇంటికి లెక్కలోకి వచ్చేది 20 వేలు. దానిమీద 25 మిల్లులంటే ఏడాదికి 500 డాలర్లు.

రేటు అందరికీ ఒకటే అయినా రాబడి ఒకటి కాదు. ఒక డిస్ట్రిక్ట్‌లో పన్ను విధించదగ్గ ఆస్తి కోటి డాలర్లు, పిల్లలు 500 మంది అనుకుందాం. అక్కడ ఒక మిల్లు పన్ను పిల్లవాడికి 20 డాలర్లు తెస్తుంది. మరోచోట ఆస్తి పది కోట్లు, పిల్లలు వెయ్యి మంది. అదే ఒక మిల్లు అక్కడ 100 డాలర్లు తెస్తుంది. షాపింగ్ మాల్, ఫ్యాక్టరీ, విద్యుత్ కేంద్రం ఉన్నచోట రాబడి దానంతటదే పెరుగుతుంది. మిసిసిపీ ఒడ్డున ఉన్నవి పత్తి, సోయా, వరి పొలాలు. సాగుభూమికి అమ్మకం ధరను బట్టి కాక పంట దిగుబడి విలువను బట్టి పన్ను కడతారు. రైతుకు అది మేలే. బడికి మాత్రం వచ్చే సొమ్ము అంతంత మాత్రం.

చిన్న డిస్ట్రిక్ట్‌లను కలిపేయడం ఆ రాష్ట్రానికి కొత్త కాదు. 1948లో ఓటర్లే ఆమోదించిన ఒక చట్టం 350 మంది కంటే తక్కువ పిల్లలున్న డిస్ట్రిక్ట్‌లను రద్దు చేసింది. ఒక్క ఏడాదిలో వాటి సంఖ్య దాదాపు 1,600 నుంచి 425 దాకా పడిపోయింది. ఈ 350 అన్న అంకె యాభై ఏళ్ల తర్వాత మళ్లీ వచ్చింది.

ఒక లెక్కల మాస్టారు

ఆర్కాన్సా రాజ్యాంగం 1874 నాటిది. సర్వజనులకూ తగినట్టు, సమర్థంగా నడిచే ఉచిత బడుల వ్యవస్థను ప్రభుత్వం నిర్వహించాలని దాని 14వ అధికరణం చెబుతోంది. బడి నిధుల మీద కోర్టుల్లో జరిగిన వాదనలన్నీ ఈ ఒక్క వాక్యం చుట్టూ తిరిగినవే. 1983లో ఆల్మా అనే డిస్ట్రిక్ట్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు నిధుల పంపకం చెల్లదని ఒకసారి చెప్పింది. ప్రభుత్వం పైపైన సర్ది ఊరుకుంది. 1992లో లేక్‌వ్యూ అదే ప్రశ్నతో మళ్లీ కోర్టు మెట్లెక్కింది. 1994లో కింది కోర్టు జడ్జి ఆనబెల్ క్లింటన్ ఇంబర్ లేక్‌వ్యూ వాదనే సరైనదని తీర్పిచ్చి, సరిదిద్దుకోమని ప్రభుత్వానికి గడువిచ్చారు. 1996లో రాజ్యాంగ సవరణ తెచ్చి రాష్ట్రమంతటా 25 మిల్లుల సమాన పన్ను పెట్టారు. అయినా తేడా తీరలేదు. 2001లో జడ్జి కాలిన్స్ కిల్గోర్ కూడా వ్యవస్థ చెల్లదన్నారు. 2002 నవంబరు 21న రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. తీర్పు రాసినవారు జస్టిస్ రాబర్ట్ బ్రౌన్.

న్యాయసూత్రాల కంటే ఆ తీర్పులో చదవదగ్గది బడుల స్థితిగతుల వర్ణన. లేక్‌వ్యూ పిల్లలు నూటికి నూరు మంది నల్లజాతివారు. 94 శాతం మంది ఉచితంగానో తగ్గింపు ధరకో మధ్యాహ్న భోజనం అందుకునే పేద కుటుంబాలవారు. హైస్కూల్లో లెక్కలన్నిటికీ ఒక్కరే మాస్టారు. ఆయనకు లెక్కలు చెప్పడానికి కావలసిన సర్టిఫికెట్ లేదు. తాత్కాలిక టీచరు పద్దు కింద ఏడాదికి 10 వేల డాలర్ల జీతం. అది చాలక స్కూలు బస్సు నడిపి మరో 5 వేలు సంపాదించుకునేవారు. త్రికోణమితి క్లాసుకు సరిపడా కాలిక్యులేటర్లు లేవు. వృత్తలేఖినులు అసలే లేవు. నల్లబల్ల ఒక్కటే. ప్లగ్గులు చాలవు. కంప్యూటర్ ఉందిగానీ దాని సరంజామా సరిగా లేదు, ప్రింటర్ పనిచేయదు. కాగితాలకూ కరువే. అక్కణ్నుంచి కాలేజీకి వెళ్లిన పిల్లల్లో నూటికి నూరు మందీ అక్కడ మళ్లీ స్కూలు పాఠాలు నేర్చుకోవాల్సి వచ్చేది.

ఇరుగుపొరుగు కూడా గొప్పగా ఏమీ లేదు. పక్కనే ఉన్న లీ కౌంటీలో 600 మంది పిల్లలకు 30 కంప్యూటర్లు. ఫిలిప్స్ కౌంటీలోనే బార్టన్ ప్రాథమిక పాఠశాలలో వంద మందికి పైగా పిల్లలకు నాలుగే మరుగుదొడ్లు. ఈ బార్టన్ పేరు గుర్తుంచుకోవాలి. లేక్‌వ్యూను చివరికి కలిపింది ఆ డిస్ట్రిక్ట్‌లోనే.

ప్రతి పిల్లవాడికీ ఒకే మొత్తం ఖర్చు పెట్టాలని కోర్టు అనలేదు. తగిన చదువు అంటే ఏమిటో ప్రభుత్వం ముందు నిర్ధారించాలి, దానికి ఎంతవుతుందో లెక్క కట్టాలి, ఆ మొత్తం ప్రతి పిల్లవాడికీ అందేలా చూడాలి అంది. పిల్లవాడు రాజధాని లిటిల్ రాక్‌లో ఉన్నాడా లేక్‌వ్యూలో ఉన్నాడా అన్నది ప్రభుత్వం చెప్పుకోదగ్గ సాకు కాదన్నది తీర్పు సారాంశం. అసలు అంత ఖర్చు ఎంతో రాష్ట్రం అప్పటిదాకా లెక్కే కట్టలేదని కూడా కోర్టు తప్పుపట్టింది.

సగటు చెప్పని సంగతులు

రాష్ట్ర సగటు పక్కన చిన్న డిస్ట్రిక్ట్ అంకె పెడితే కొన్ని విషయాల్లో చిన్నదే మెరుగ్గా కనిపిస్తుంది. ఒక టీచరుకు ఎంతమంది పిల్లలన్నది అలాంటిది. పల్లె బడిలో క్లాసుకు పది పన్నెండు మందే ఉంటారు కాబట్టి నిష్పత్తి చూడముచ్చటగా ఉంటుంది. పిల్లవాడికి అయ్యే ఖర్చు కూడా చాలాచోట్ల రాష్ట్ర సగటుకు మించే ఉంటుంది. దాన్ని చూసి, డబ్బు ఎక్కువే ఇస్తున్నాం, మార్కులు ఎందుకు రావు అని అడిగే శాసనసభ్యులు ప్రతి రాష్ట్రంలోనూ ఉంటారు.

జవాబు కోర్సుల జాబితాలో ఉంది. ఆర్కాన్సా నిబంధనల ప్రకారం ప్రతి హైస్కూలూ ఏటా 38 యూనిట్ల పాఠ్యాంశాలు చెప్పి తీరాలి. రెండు వేల మంది ఉన్న హైస్కూలుకూ అదే, 80 మంది ఉన్న హైస్కూలుకూ అదే. ఒక టీచరు రోజుకు ఆరు పీరియడ్లు చెబుతాడనుకుంటే 38 యూనిట్లకు కనీసం ఏడుగురు కావాలి. లెక్కలు, భౌతికశాస్త్రం, స్పానిష్, సంగీతం, వ్యవసాయం ఒకరే చెప్పలేరు కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువ మంది కావాలి. 80 మందికి పది మంది టీచర్లు అన్నది కాగితం మీద వైభోగం. బడిలో చూస్తే కెమిస్ట్రీ చెప్పేది జీవశాస్త్రం మాస్టారు, అడ్వాన్స్‌డ్ లెక్కల క్లాసుకు వచ్చేది ముగ్గురు. సూపరింటెండెంట్, బాయిలర్, పైకప్పు, వంటగది, బస్సు డ్రైవరు... వీటి ఖర్చు పిల్లలు సగమైతే సగానికి తగ్గదు.

రవాణాది మరీ విడ్డూరం. ప్రభుత్వ సూత్రంలో ఏళ్ల తరబడి బస్సు ఖర్చుకు పిల్లవాడికి ఇంత అని ఒకే మొత్తం కట్టేవారు. నాలుగు వీధులు తిరిగే పట్నం బస్సుకూ, మట్టిరోడ్ల మీద మైళ్లకు మైళ్లు వెళ్లి ఇద్దరు పిల్లలను ఎక్కించుకొచ్చే పల్లె బస్సుకూ తేడా ఉండేది కాదు. దూరం ఎక్కువైన డిస్ట్రిక్ట్ ఆ లోటును చదువుకు పెట్టాల్సిన సొమ్ములోంచే పూడ్చుకోవాల్సి వచ్చేది.

ఇక శాతాల సంగతి. పన్నెండో తరగతిలో 12 మంది ఉన్న బడిలో ఒక్కరు చదువు మానేస్తే ఉత్తీర్ణత ఎనిమిది శాతం పడిపోతుంది. మరుసటి ఏడాది ఎవరూ మానకపోతే నూరు శాతం. పత్రికలు ఒక ఏడాది ‘కుప్పకూలింది’ అనీ, మరో ఏడాది ‘అద్భుతం’ అనీ రాస్తాయి. జరిగింది ఒక్క పిల్లవాడు చదువు మానేయడం, అంతే. పైగా పిల్లల వివరాలు బయటపడకూడదని చిన్న సంఖ్యలను రిపోర్టుల్లో దాచేస్తారు. కాబట్టి చిన్న డిస్ట్రిక్ట్‌లో కీలకమైన గళ్లు చాలావరకు ఖాళీగానే ఉంటాయి. నాలుగైదేళ్ల అంకెలు కలిపి చూస్తే తప్ప అక్కడ ఏం జరుగుతోందో తెలియదు. రాష్ట్ర సగటుతో కాక అంతే పేదరికం, అంతే దూరం, అంతే సైజు ఉన్న మరో డిస్ట్రిక్ట్‌తో పోలిస్తే ఇంకా బాగా తెలుస్తుంది. ఎందుకంటే రాష్ట్ర సగటులో ఎక్కువ వాటా పెద్ద డిస్ట్రిక్ట్‌లదే.

350

2002 తీర్పు నాటికి ఆర్కాన్సాలో దాదాపు 310 డిస్ట్రిక్ట్‌లు ఉండేవి. అప్పటి గవర్నర్ మైక్ హకబీ ఆ సంఖ్యను బాగా తగ్గించాలన్నారు. 1,500 మంది పిల్లలకు తక్కువున్న డిస్ట్రిక్ట్‌లను కలిపేయాలన్నది ఆయన ప్రతిపాదన. పల్లె శాసనసభ్యులు భగ్గుమన్నారు. బడి పోతే ఊరు పోతుంది, శుక్రవారం రాత్రి స్కూలు జట్టు ఆట పోతుంది, ఊళ్లో జీతాలిచ్చే పెద్ద సంస్థ పోతుంది అన్నది వారి వాదన. చివరికి బేరం 350 దగ్గర కుదిరింది. వరుసగా రెండేళ్లు 350 కంటే తక్కువ మంది ఉన్న డిస్ట్రిక్ట్ మరోదానిలో కలవాల్సిందే. దీన్నే యాక్ట్ 60 అంటారు. ఇది చాలదని అలిగిన హకబీ సంతకం పెట్టకుండానే అది చట్టమైంది.

ఈ చట్టం చేసిన శాసనసభ ప్రత్యేక సమావేశంలోనే మంచి పనులూ జరిగాయి. అమ్మకపు పన్ను 5.125 శాతం నుంచి 6 శాతానికి పెంచి ఆ సొమ్ము చదువుకు కేటాయించారు. రాష్ట్ర ఆదాయం తగ్గినా బడి నిధుల్లో కోత పడకుండా వాటికే మొదటి హక్కు కల్పించారు. తగిన చదువుకు ఎంత ఖర్చవుతుందో శాసనసభ క్రమం తప్పకుండా సమీక్షించాలని చట్టం చేశారు. 2004-05లో పిల్లవాడికి 5,400 డాలర్ల మూలనిధి నిర్ణయించారు. ఇరవై ఏళ్ల తర్వాత అది 7,700 దాటింది. పేద పిల్లలు ఎక్కువున్న డిస్ట్రిక్ట్‌లకు విడిగా అదనపు సొమ్ము, శిథిలమైన భవనాలకు రాష్ట్ర వాటా కూడా మొదలయ్యాయి. కోర్టు ఇద్దరు మాజీ న్యాయమూర్తులను పరిశీలకులుగా పెట్టింది. 2004లో కేసు వదిలేసి, 2005లో మళ్లీ చేతిలోకి తీసుకుని, 2007 మేలో గానీ తృప్తిగా మూసేయలేదు. బడి నిధుల కేసుల్లో ఇంత ఫలితం సాధించినవి అమెరికాలో తక్కువే.

అయితే మూలనిధిని లెక్కగట్టిన పట్టికలో ఒక మెలిక ఉంది. 500 మంది పిల్లలున్న ఒక ఊహా బడిని తీసుకుని, దానికి ఎంతమంది టీచర్లు, లైబ్రేరియన్లు, నర్సులు కావాలో లెక్కించి, ఆ మొత్తాన్ని 500తో భాగించారు. అంతకంటే పెద్ద డిస్ట్రిక్ట్‌కు మిగులుతుంది, చిన్నదానికి తరుగుతుంది. మారుమూల బడులకు కొంత అదనం ఇచ్చినా ఆ తరుగు పూర్తిగా పూడలేదు.

2004 జులై 1 నాటికి యాభైకి పైగా డిస్ట్రిక్ట్‌లు మాయమై 250 చిల్లర మిగిలాయి. లేక్‌వ్యూ బార్టన్-లెక్సాలో కలిసింది. కలిపేది పాలననే గానీ బడులను కాదని చట్టం పైకి చెప్పింది. కొద్ది ఏళ్లలోనే కలిసిన చోట బడులు మూతపడటం మొదలైంది. కొండ ప్రాంతంలోని పారన్ అనే ఊరు బ్రయంట్ డిస్ట్రిక్ట్‌లో కలిసింది. అక్కడి హైస్కూలును 2006లో మూసేస్తే పిల్లలు పొద్దున్నే చాలా దూరం బస్సెక్కాల్సి వచ్చింది. పారన్ తెల్లవారి ఊరు, లేక్‌వ్యూ నల్లవారి ఊరు. రెండు ఊళ్లూ పడిన బాధ ఒకటే అయినా లేక్‌వ్యూ ఉన్న మిసిసిపీ డెల్టాలో దానికి మరో కోణం ఉంది. అక్కడ స్కూల్ బోర్డు అంటే నల్లజాతివారు తమ చేతుల్లో ఉంచుకోగలిగిన కొద్దిపాటి అధికారం. 1919లో ఇదే కౌంటీలోని ఎలైన్ దగ్గర, పత్తికి సరైన ధర అడగడానికి సంఘం కట్టిన నల్లజాతి కౌలుదారులను పెద్ద సంఖ్యలో చంపేశారు. ఆ చరిత్ర ఉన్నచోట సొంత బోర్డు పోవడాన్ని ఉత్త పాలనా సర్దుబాటు అనుకోమంటే ఎవరూ అనుకోరు. యాక్ట్ 60 వివక్షతో కూడినదని లేక్‌వ్యూ వాసులు ఫెడరల్ కోర్టుకు వెళ్లారు. 2009లో ఎనిమిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు వారి వాదనను తోసిపుచ్చింది.

అదే రాష్ట్రంలో బెంటన్‌విల్

రాష్ట్ర సగటు ఎవరి సగటో తెలియాలంటే ఆర్కాన్సా వాయవ్య మూలకు వెళ్లాలి. అక్కడున్న బెంటన్‌విల్ వాల్‌మార్ట్ ప్రధాన కేంద్రం. ఐటీ ఉద్యోగాల కోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. తెలుగువారిలో ఎక్కువ మందికి ఆర్కాన్సా అంటే తెలిసింది ఆ ఊరే. 2000లో 20 వేలకు కాస్త తక్కువగా ఉన్న బెంటన్‌విల్ జనాభా 2020కి 54 వేలు దాటింది. అదే ఇరవై ఏళ్లలో ఫిలిప్స్ కౌంటీ 26 వేల నుంచి 16,500కు పడిపోయింది. 1950లో అక్కడ 46 వేల మంది ఉండేవారు. పత్తి తీసే యంత్రం వచ్చాక కూలీలకు పనిలేకుండా పోయింది. తరాలకు తరాలు షికాగో, డెట్రాయిట్ దారి పట్టాయి.

పిల్లవాడితోపాటే సొమ్ము నడిచే పద్ధతిలో జనం పెరిగే ఊరికీ తరిగే ఊరికీ ఒకే సూత్రం రెండు రకాలుగా పనిచేస్తుంది. ఏటా పదిహేను మంది పిల్లలు తగ్గితే ఒక్కో క్లాసులో ఒకరో ఇద్దరో తగ్గుతారు. టీచరును తీసేయడానికి వీలుండదు, నిధులు మాత్రం పోతాయి. 2002లో హెలెనాలో కిప్ అనే చార్టర్ స్కూలు తెరుచుకుంది. చార్టర్ స్కూలంటే ప్రభుత్వ సొమ్ముతో నడుస్తూ స్థానిక బోర్డు కింద ఉండని బడి. కొన్ని కుటుంబాలకు అది వరమైంది. పాత డిస్ట్రిక్ట్‌ల లెక్కలో ఇంకొందరు పిల్లలు తగ్గారు.

2015లో యాక్ట్ 377 వచ్చి, 350 కంటే కిందికి దిగినా సవ్యంగా నడిచే డిస్ట్రిక్ట్‌లకు మినహాయింపు కోరే వీలు కల్పించింది. పదకొండేళ్ల తర్వాత ఒప్పుకున్న సంగతి ఇది: సైజు ఒక్కటే బడి నాణ్యతకు కొలత కాదు. 2022లో ఫిలిప్స్ కౌంటీలోనే ఉన్న మార్వెల్-ఎలైన్ డిస్ట్రిక్ట్ ఆ గీత దిగువకు జారి విలీనం అంచుకు వచ్చింది. మరుసటి ఏడాది గవర్నర్ సారా హకబీ శాండర్స్ తెచ్చిన లర్న్స్ చట్టం కింద దాన్ని ఒక చార్టర్ సంస్థకు ఒప్పగించారు. ఆ గవర్నర్, మైక్ హకబీ కూతురే. అదే చట్టం టీచరు కనీస జీతాన్ని 36 వేల డాలర్ల నుంచి 50 వేలకు పెంచింది. దీనివల్ల ఎక్కువ లాభపడింది డెల్టా పల్లెలే. బస్సు నడిపితే గానీ పూట గడవని లెక్కల మాస్టారి కాలంతో పోలిస్తే ఇది పెద్ద మార్పు. కానీ పదిహేనేళ్ల అనుభవం ఉన్నవారికీ కొత్తగా చేరినవారికీ చాలా చోట్ల జీతం దాదాపు ఒకటే అయింది. అనుభవజ్ఞులు కొన్ని మైళ్ల దూరంలోని పెద్ద డిస్ట్రిక్ట్‌కు వెళ్లిపోకుండా ఆపే ఆకర్షణ పల్లెకు ఇంకా లేదు.

లేక్‌వ్యూ కేసు తేల్చిన విషయం ఒకటే. చిన్న డిస్ట్రిక్ట్‌కు డబ్బు ఎంత వస్తోందని కాదు, ఆ డబ్బుతో అక్కడి పిల్లవాడికి ఏ టీచరు, ఏ పాఠం అందుతున్నాయని అడగాలి. కోర్టు అడిగింది ఆ ప్రశ్నే. శాసనసభ దానికి నిధులతో సగం జవాబే ఇచ్చి, మిగతా సగానికి బదులు పిల్లల తలలు లెక్కపెట్టింది. బెంటన్‌విల్‌లో గానీ, అమెరికాలో మరెక్కడైనా గానీ స్కూల్ రేటింగ్ చూసి ఇల్లు వెతికే తెలుగు తల్లిదండ్రులు రాష్ట్ర సగటు పక్కన కనిపించే ఒక్క ఏడాది అంకెతో ఆగకుండా, అయిదేళ్ల అంకెలు, కోర్సుల జాబితా, టీచర్లు ఎన్నేళ్లు నిలుస్తున్నారన్న వివరం కూడా అడగడం మంచిది. ఇవి చాలావరకు డిస్ట్రిక్ట్ ఆఫీసులో అడిగి తెలుసుకోవచ్చు.